బీజింగ్–షాంఘై హైస్పీడ్ రైలు రివ్యూ: వెళ్ళేటప్పుడు ఫాస్ట్ బండి, వచ్చేటప్పుడు ఆగుతూ వచ్చే బండి

రేటింగ్ ముందే చెప్పేస్తా, రివ్యూ పొడుగ్గా ఉంటుంది కాబట్టి. రైలుకి 5కి 4.5, స్టేషన్లకి 3, టికెట్ కొనే పద్ధతికి 3. బీజింగ్ సౌత్ నుంచి షాంఘై హోంగ్‌చియావ్ దాకా 1,318 కి.మీ., వెళ్ళేటప్పుడు నాలుగున్నర గంటల్లో దించేసింది, వచ్చేటప్పుడు కావాలనే స్లో బండి ఎక్కాను, దానికి ఆరు గంటలకి కొంచెం తక్కువ పట్టింది. రెండూ సెకండ్ క్లాసే. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం మాత్రం ఆ స్లో బండే, అది తర్వాత చెప్తా.

వెళ్ళేటప్పుడు మా బావ కూడా ఉన్నాడు. ఎక్కే ముందు నుంచీ ఆయనది ఒకటే మాట. "ఒరేయ్, జపాన్ లాంటి దేశానికైతే ఈ రైలు సరిపోద్ది, ఇంత పెద్ద దేశానికి విమానమేరా, రైలు వేసి ఎవడు గిట్టించుకుంటాడు" అని. నేను "బావా, ముందు ఎక్కండి, దిగాక మాట్లాడుకుందాం" అన్నాను. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. హైస్పీడ్ రైలు పుట్టిందే 1964లో టోక్యో–ఒసాకా మధ్య, అది 515 కి.మీ. మాత్రమే, తర్వాత ఫ్రాన్స్ వాళ్ళు 1981లో పారిస్–లియాన్ మొదలుపెట్టారు, అదీ ఐదొందల లోపే. అంటే రైలు గెలిచిందని చెప్పే పాత ఉదాహరణలన్నీ రెండు మూడు గంటల ప్రయాణాలే. 1,300 కి.మీ. అంటే విమానం ఆటోమేటిగ్గా గెలవాలి కదా అని ఎవరైనా అనుకుంటారు.

ముందు రైలు సంగతి. ఫూషింగ్ అంటారు ఈ బండ్లని, పునరుజ్జీవనం అని అర్థం. ఈ లైన్లో తిరిగేవాటిలో 17 పెట్టెల బండ్లు కూడా ఉన్నాయి, పొడవు దాదాపు 440 మీటర్లు, సీట్లు 1,283. ఒక బండిలో ఇన్ని సీట్లు అంటే ఏడెనిమిది మామూలు విమానాల జనం ఒకేసారి బయల్దేరినట్టు, ఆ పక్క ప్లాట్‌ఫామ్ మీద కొద్ది నిమిషాల్లో ఇంకోటి రెడీగా ఉంటుంది. బండి కదిలినట్టు కూడా తెలీలేదు, కిటికీలో స్తంభం వెనక్కి పోతుంటే తెలిసింది. పెట్టె చివర తెరమీద స్పీడ్ వేస్తూ ఉంటారు, ఊరు దాటాక 200, 280, 330, ఇలా పెరిగి పెరిగి 350 దగ్గర నిలబడింది, అసలు గొప్పతనం ఏంటంటే అక్కడే నిలబడిపోయింది, ఏదో ఒకసారి ముట్టుకుని దిగిపోవడం కాదు, మా బావ నిద్రపోయి లేచినా అదే నంబర్. కాఫీ కప్పు ట్రే మీద పెడితే పైన చిన్న వణుకు తప్ప ఏమీ లేదు. చెవులు మాత్రం ఎదురు బండి దాటినప్పుడు ఒక్కసారి గుబ్ మంటాయి.

ఇంత నున్నగా ఎలా పోతోంది అంటే, కిందికి చూస్తే అర్థమవుతుంది, బండి నేల మీద లేదు. ఈ లైన్లో దాదాపు 80 శాతం వంతెనల మీదే ఉంది. అందులో డాన్‌యాంగ్–కున్‌షాన్ వంతెన ఒక్కటే 164 కి.మీ. పైన, ప్రపంచంలో అన్నిటికంటే పొడుగు వంతెన అదే. మొదట్లో నేను ఇదంతా షో కోసం కట్టారేమో అనుకున్నా, తర్వాత చదివితే లెక్క వేరే ఉంది. 350 మీద పోవాలంటే మలుపు వ్యాసార్థం 7 కి.మీ. దాకా ఉండాలి, అంటే లైన్ దాదాపు గీత గీసినట్టు పోవాలి, అలా గీత గీస్తే కింద పొలాలు, కాలువలు, రోడ్లు, ఊళ్ళు అన్నీ అడ్డం వస్తాయి. పైన వేసేస్తే లెవెల్ క్రాసింగ్ ఉండదు, పొలం పోయేది తక్కువ, యాంగ్జీ డెల్టాలో మెత్తటి నేల కాబట్టి మట్టికట్ట వేస్తే కుంగుతుంది, స్తంభాలు లోతుగా దింపితే ఆ గొడవ లేదు. పైగా 32 మీటర్ల దూలాలు అన్నీ ఒకే సైజు, పక్కనే యార్డులో పోసుకుని, మెషిన్‌తో ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోవడమే. అందుకే 2008 ఏప్రిల్లో పని మొదలై 2011 జూన్ 30కి బండి తిరిగింది. మూడేళ్ళు! ఖర్చు దాదాపు 22,000 కోట్ల యువాన్లు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. అంత తొందరకి మూల్యం కూడా ఉంది. ఈ లైన్ ఓపెన్ అయిన మొదటి వారాల్లోనే కరెంటు పోయి బండ్లు ఆగిపోయాయి. 2011 జులై 23న వేరే లైన్లో, వెన్‌జౌ దగ్గర, పిడుగు దెబ్బకి సిగ్నల్ వ్యవస్థ పాడై, మెల్లగా పోతున్న బండిని వెనక నుంచి ఇంకో బండి గుద్దింది, 40 మంది చనిపోయారు. ఆ తర్వాత దేశమంతా స్పీడ్లు తగ్గించారు, 300తో మొదలైన ఈ లైన్ 350కి వచ్చింది 2017 సెప్టెంబర్లోనే. రైల్వే మంత్రిగా చేసిన లియూ జిజున్‌ని 2011 ఫిబ్రవరిలోనే అవినీతి మీద తీసేశారు, తర్వాత శిక్ష కూడా పడింది. 350 అని తెరమీద చూసి మురిసిపోయేటప్పుడు నాకు ఆ 40 మంది గుర్తొచ్చారు, ఇంకో దేశం ఎవరైనా దీన్ని చూసి కడదాం అనుకుంటే మూడేళ్ళు అన్నది కాపీ కొట్టాల్సిన విషయం కాదు అని నా గట్టి అభిప్రాయం. ఒకే సైజు దూలాలు, ఒకే డిజైన్ మళ్ళీ మళ్ళీ వాడటం, అది కాపీ కొట్టాలి. ప్రపంచ బ్యాంకు 2019లో ఇచ్చిన రిపోర్టులో కూడా చైనాలో కి.మీ.కి అయిన ఖర్చు మిగతా దేశాల్లో దాంట్లో మూడింట రెండు వంతులే అని లెక్క తేలింది, దానికి కారణాల్లో ఈ ఒకే నమూనా పద్ధతి ఒకటి.

మా బండి మధ్యలో ఒక్క నాన్జింగ్ సౌత్‌లోనే ఆగింది. షాంఘైలో దిగాక బావని అడిగా, "ఏమంటారు ఇప్పుడు" అని. "బండి బాగుందిరా, కాదనను, కానీ విమానం రెండుంపావు గంటలే కదా" అన్నాడు. సరే లెక్క వేద్దాం అని అక్కడే ప్లాట్‌ఫామ్ మీద నిలబడి వేశాం. బీజింగ్ సౌత్‌కి మేం మెట్రోలో వచ్చాం, బండి టైముకి నలభై నిమిషాల ముందు. హోంగ్‌చియావ్‌లో దిగితే మెట్రో కిందే ఉంది. విమానానికి ఊరి బయటికి పోవాలి, గంటన్నర ముందుండాలి, దిగాక సామాను కోసం నిలబడాలి. మొత్తం వేస్తే రెండూ దాదాపు సమానం, ఎవరి ఇల్లు ఎక్కడుంది అన్నదాన్ని బట్టి అటూ ఇటూ. బావ "చూశావా, సమానమే" అన్నాడు, నేనూ "సమానమే" అన్నాను, ఎవరి అర్థం వాళ్ళది. నిజం చెప్పాలంటే ఈ రెండు ఊళ్ళ మధ్య విమానాలు ఇప్పటికీ నిండుగా తిరుగుతున్నాయి, రైలు వచ్చాక చచ్చిపోలేదు. 1,300 కి.మీ. అంటే గంటకి 350 పోయే రైలుకి కూడా అది చివరి అంచు.

అదే బీజింగ్ నుంచి గ్వాంగ్‌జౌ చూడండి, 2012 డిసెంబర్లో ఓపెన్ అయింది, 2,298 కి.మీ., పగలంతా రైల్లోనే అయిపోతుంది. చివరి నుంచి చివరికి పోయే మనిషి విమానమే ఎక్కుతాడు, నేనైనా అంతే. మరి అంత పొడుగు లైన్ ఎందుకు వేశారు? దీనికి జవాబు నాకు తిరుగు ప్రయాణంలో దొరికింది.

బావకి షాంఘైలో పని ఉండి ఉండిపోయాడు, నేను ఒక్కడినే తిరుగు టికెట్ తీసుకున్నా. ఈసారి చాలా చోట్ల ఆగే బండి. పక్క సీట్లో ల్యాప్‌టాప్ తెరుచుకున్న కుర్రాడు, ఎక్కినప్పటి నుంచి టైప్ చేస్తూనే ఉన్నాడు, సూజౌ, ఊషీ, చాంగ్‌జౌ అన్నీ దాటి నాన్జింగ్ సౌత్ రాగానే మూసి దిగిపోయాడు. అదే సీట్లో ఒకావిడ చంటిపిల్లతో కూర్చుంది, షూజౌ ఈస్ట్‌లో దిగింది. రెండు నిమిషాలు కూడా ఖాళీ లేదు, ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఆయనతో ఫోన్లో ట్రాన్స్‌లేషన్ పెట్టుకుని మాట్లాడాను, జినాన్‌లో కూతురు ఉంటుందట, నెలకి రెండుసార్లు వెళ్తాడట, ఇదివరకు ఏడాదికి రెండుసార్లే వెళ్ళేవాడట. ఆ మాట ఫోన్లో చదివి నేను కాసేపు ఏం టైప్ చెయ్యాలో తెలీక ఊరుకున్నా. ఆయన జినాన్ వెస్ట్‌లో దిగాడు, ఒక స్టూడెంట్ అమ్మాయి ఎక్కి బీజింగ్ దాకా వచ్చింది.

ఒక్క సీటు, నాలుగు టికెట్లు! ఆ నలుగురిలో ఒక్కరు కూడా బీజింగ్–షాంఘై ప్రయాణికులు కారు. బీజింగ్ నుంచి జినాన్ 406 కి.మీ., షూజౌ 692, నాన్జింగ్ 1,023. మధ్య ముక్కలన్నీ చూస్తే మూడొందలు, నాలుగొందలు, అంటే టోక్యో–ఒసాకా కంటే కూడా తక్కువ దూరాలు. ఆ ఊళ్ళు కూడా మామూలువి కావు, జినాన్, షూజౌ, నాన్జింగ్ ఒక్కోటి తొంభై లక్షల పైన జనాభా, సూజౌ అయితే కోటీ ఇరవై లక్షలు దాటింది. ఈ లైన్ పోయే ప్రాంతాల్లో చైనా జనాభాలో నాలుగో వంతు ఉంటుంది. అంటే మనం పటం మీద చూసి పెద్ద దేశం, పొడుగు లైన్ అనుకుంటున్నాం గానీ, లోపల కూర్చుంటే అది నాలుగు జపాన్ లైన్లు తోక తోక ముడేసినట్టు ఉంది. బావకి వెంటనే మెసేజ్ పెట్టాను, "బావా, దేశం పొడుగు కాదు చూడాల్సింది, పక్కపక్క ఊళ్ళు" అని. ఆయన సీటు కథ మొత్తం అడిగి తెలుసుకుని "ఇది నేను ఆలోచించలేదురా" అన్నాడు.

డబ్బు లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. ఈ లైన్ నడిపే కంపెనీ 2020 జనవరిలో షాంఘై స్టాక్ మార్కెట్లో లిస్ట్ అయింది, 2019లో దాని లాభం దాదాపు 1,200 కోట్ల యువాన్లు, కోవిడ్ టైములో 2022లో నష్టం వచ్చింది, మళ్ళీ లాభాల్లోకి వచ్చింది. అదే దేశంలో లాంజౌ–ఉరుమ్చీ లైన్ ఉంది, 2014 డిసెంబర్లో ఓపెన్ అయింది, 1,776 కి.మీ., ఎడారి, గాలి ఎంత ఘోరంగా వీస్తుందంటే పట్టాల పక్కన గాలిగోడలు కట్టారు, ఊరికీ ఊరికీ మధ్య వందల కి.మీ. ఖాళీ. అక్కడ వచ్చే టికెట్ డబ్బు కరెంటు ఖర్చుకే చాలదని బీజింగ్ జియావోటాంగ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జావ్ జియెన్ రాశాడు. అవే పట్టాలు, అదే రైల్వే, అదే దేశం, ఒకటి లాభం, ఒకటి గుదిబండ. 2024 చివరికి మొత్తం హైస్పీడ్ లైన్లు 48,000 కి.మీ. అయ్యాయి, అందులో అన్నీ బీజింగ్–షాంఘై లాంటివి ఎలా అవుతాయి, రైల్వే గ్రూపు నెత్తిన 6 లక్షల కోట్ల యువాన్లకి పైగా అప్పు ఉంది. లాభం లేకపోయినా మారుమూల ప్రాంతానికి రైలు కావాలి అంటే నేను ఒప్పుకుంటా, కానీ అక్కడ 250 స్పీడ్ లైనే కావాలా, మంచి మామూలు రైలు చాలదా అన్నది అడగాల్సిన ప్రశ్నే. జనం డబ్బు అది.

అమెరికా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా బావ వాదన ఎక్కువగా అక్కడిదే, "మాది చాలా పెద్ద దేశం, మాకు కుదరదు" అనేది. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలస్‌కి కుదరదు, నిజమే, ఎవరూ అడగట్లేదు కూడా. కానీ శాన్‌ఫ్రాన్సిస్కో–లాస్ ఏంజెలస్ ఉంది, బీజింగ్–షాంఘై కంటే చాలా తక్కువ దూరం, రెండు వైపులా పెద్ద జనాభా, మధ్యలో ఫ్రెస్నో, బేకర్స్‌ఫీల్డ్ లాంటి ఊళ్ళు. 2008 నవంబర్లో కాలిఫోర్నియా ఓటర్లు దానికి 995 కోట్ల డాలర్ల బాండ్లకి ఓటేశారు, అంటే బీజింగ్–షాంఘై పని మొదలైన ఏడాదే! అప్పటి అంచనా 3,300 కోట్ల డాలర్లు, ఇప్పుడు పదివేల కోట్ల డాలర్లు దాటింది, ఇంకా మధ్యలో మెర్సెడ్–బేకర్స్‌ఫీల్డ్ ముక్క మీదే పని. భూమి కేసులు, రూటు మార్పులు, ఏటా ఎంత డబ్బు వస్తుందో తెలీకపోవడం, ఇవీ దాన్ని ఆపింది. దేశం సైజు ఎక్కడ ఆపింది? తూర్పున అసెలా అనే ఫాస్ట్ రైలు ఉంది, బోస్టన్–న్యూయార్క్–వాషింగ్టన్ 735 కి.మీ., జనం ఎక్కుతారు, 2000 నుంచి నడుస్తోంది, 2025 ఆగస్టులో కొత్త బండ్లు కూడా వచ్చాయి, కానీ పాత పట్టాలు, పాత మలుపులు, అందుకే పైస్పీడ్ కొన్ని ముక్కల్లోనే, మొత్తం దూరానికి ఆరున్నర ఏడు గంటలు. బండి కొత్తది కొంటే చాలదు, గీత కొత్తగా గీయాలి, ఈ మాట నాకు ఆ వంతెనల మీద పోతుంటేనే బుర్రకెక్కింది. చైనాలో భూమికి ప్రైవేటు యజమానులు ఉండరు కాబట్టి గీత గియ్యడం తేలికయింది, అక్కడ ఇల్లు పోయినవాడు అడ్డం నిలబడ్డా ఎంతసేపు నిలబడగలడు? అది నాకు నచ్చిన పద్ధతి కాదు. స్పెయిన్ కోర్టులూ ఎన్నికలూ అన్నీ ఉంచుకునే మాడ్రిడ్–బార్సిలోనా 621 కి.మీ. లైన్ 2008లో పూర్తి చేసి రెండున్నర గంటలకి తెచ్చింది, అప్పట్లో యూరప్‌లోనే బాగా రద్దీగా ఉన్న ఆ విమానాల రూట్లో చాలా మంది రైలుకి మారారు. కాబట్టి దారి లేదని కాదు.

ఇప్పుడు స్టేషన్లకి 3 ఎందుకు ఇచ్చానో. బీజింగ్ సౌత్, హోంగ్‌చియావ్ బాగున్నాయి, మెట్రో కిందే. కానీ మధ్య స్టేషన్ల పేర్లు గమనించండి, జినాన్ వెస్ట్, షూజౌ ఈస్ట్, సూజౌ నార్త్, చూఫూ ఈస్ట్. అన్నిటికీ దిక్కులు తగిలించారంటేనే ఊరికి దూరంగా కట్టారని. లైన్ తిన్నగా పోవాలి, ఊళ్ళోకి వంగలేదు, అక్కడ భూమి కూడా చవక. రైల్లో ఆదా అయిన గంటలో కొంత మళ్ళీ బస్సులోనో టాక్సీలోనో పోతుంది. ఇంకోటి, స్టేషన్ అంతా ఎయిర్‌పోర్ట్ లాగే, సామాను స్కానింగ్, పైన వెయిటింగ్ హాల్, బండికి పావుగంట ముందు గేటు తీసి, బయల్దేరే ముందు కొన్ని నిమిషాలకే మూసేస్తారు. ఆఖరి నిమిషంలో పరిగెత్తి ఎక్కడం అనేది లేదు. వేలమందిని ఒకే ప్లాట్‌ఫామ్ మీదికి దించాలంటే ఇది అవసరమే అనుకోండి, అయినా ముసలివాళ్ళు అంత పెద్ద హాల్లో నడవాలంటే కష్టమే.

టికెట్ సంగతి త్వరగా చెప్పేస్తా. పేపర్ టికెట్ లేదు, పాస్‌పోర్టే టికెట్. రైల్వే వాళ్ళ సొంత యాప్‌లో 15 రోజుల ముందు ఓపెన్ అవుతాయి, పండగ సీజన్ అయితే వెంటనే అయిపోతాయి. బయటి బుకింగ్ యాప్ ఒకటి వాడి నేను ఎక్స్‌ట్రా సర్వీస్ ఛార్జీ కట్టాను, సీటు కూడా నేను అడిగింది రాలేదు, మీరు సొంత యాప్‌లోనే పాస్‌పోర్ట్ వెరిఫై చేసుకుని కొనుక్కోండి. సెకండ్ క్లాస్ ఆరువందల యువాన్లు అటూ ఇటూ, బండిని బట్టి, టైముని బట్టి మారుతుంది. ఓపెనింగ్ నుంచి చాలా ఏళ్ళు 553 దగ్గరే ఉంది. సామాను 20 కిలోలు అన్నారు. సిగరెట్ బాత్రూంలో కూడా కుదరదు, పొగ తగిలితే బండే స్లో అవుతుంది, ఫైన్ కూడా.

సీట్లు సెకండ్ క్లాస్‌లో ఒకవైపు మూడు, ఇంకోవైపు రెండు. బి సీటు మూడింటిలో మధ్యది, పొడుగ్గా ఉన్నవాళ్ళు తీసుకోవద్దు. డి, ఎఫ్ రెండు సీట్ల వైపు, ఎఫ్ కిటికీ. ఫోన్లో గట్టిగా వీడియోలు పెట్టేవాళ్ళు పడనివాళ్ళకి కొన్ని బండ్లలో సైలెంట్ పెట్టె ఉంది, అదే రేటు, బుక్ చేసేటప్పుడే అడగొచ్చు. వేడినీళ్ళు ప్రతి పెట్టె దగ్గరా ఫ్రీ. చార్జింగ్ ప్లగ్ సీటు కిందో ముందో ఉంటుంది, వంగి వెతకాలి.

వీలుంటే ఒకసారైనా ఆగుతూ పోయే బండి ఎక్కండి, గంటన్నర ఎక్కువ పడుతుంది, పర్లేదు. బీజింగ్ నుంచి వచ్చేవాళ్ళకి నాన్జింగ్ సౌత్‌కి కొంచెం ముందు యాంగ్జీ వస్తుంది, నీళ్ళ మీద ఉండేది కొద్ది సెకన్లే, అప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టి బయటికి చూడండి, నేను మొదటిసారి మెసేజ్ టైప్ చేస్తూ మిస్ అయిపోయాను.